సామికి అన్నం పెట్టే వంతు

ధ్యానం చేసేవాళ్లకి అసూయ ఉండదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. నా బతుకులో అన్నిటికంటే గట్టి అసూయ నాకు ధ్యానం దగ్గరే పట్టుకుంది. చీరల మీదా గొలుసుల మీదా పడ్డ కడుపుమంటలు వానాకాలం జలుబుల్లాగా వచ్చిపోయాయి. ఇది మాత్రం ఏడాది పాటు తిష్ఠ వేసుకు కూచుంది. కళ్లు మూసుకుని, వెన్ను నిటారుగా పెట్టి, లోకమంతా సుఖంగా ఉండాలని కోరుకుంటూనే నేను ఒక మనిషిని చూసి కుళ్లిపోయాను. ఆ మనిషి మా తోడికోడలు.

రైలు పడిన కొత్తలో మా ఆయనా, ఆయన తమ్ముడూ విజయనగరం నుంచి అరకు వచ్చి సంత వీధిలో కొట్టు పెట్టారు. ముందు కొట్టు, వెనక రెండు గదులు, ఒక వంటిల్లు, చిన్న పెరడు. ఉప్పు, బెల్లం, కిరసనాయిలు, బీడీకట్టలు అమ్మేవాళ్లం. శుక్రవారం సంతకి కొండల మీంచి దిగేవాళ్లు పసుపూ, పిప్పళ్లూ, అడ్డాకులూ తెచ్చేవాళ్లు. నాకు పెళ్లికి ముందు నుంచే పార్శ్వపు నొప్పి. అరకు చలికి అది రెట్టింపయింది. ఒకరోజు తల పట్టుకుని కూచుంటే, బీడీలకొచ్చిన రైల్వే గాంగ్‌మన్ ఒకాయన నన్ను చూసి, "కొండ మీద రంగం సామి ఉన్నాడు కదమ్మా. ఆకూ అలమూ తెలిసినోడంట. ఓపాలి ఎల్లి సూపించుకో" అన్నాడు.

రంగం సామిది శ్రీకాకుళం వైపు పల్లె. చిన్నప్పుడే ఊరివాళ్లతో ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లి, రేవులో బస్తాలు మోసి, అక్కడే బౌద్ధ భిక్షువు అయ్యాడు. బర్మా నుంచి మనవాళ్లు తిరిగొచ్చేసినప్పుడు ఆయనా వచ్చేశాడు. రైలు లైను వేసిన కంట్రాక్టరు వదిలేసి పోయిన రేకుల షెడ్డులో ఉండేవాడు. ఊరి నుంచి అరగంట నడక, అందులో సగం ఎక్కుడు. గుండు, కావి బట్ట, నల్లటి పాత్ర ఒకటి, టైంపీసు ఒకటి, అంతే ఆయన సంసారం. స్వామి అంటే నాలుగు శ్లోకాలు చదువుతాడనుకుని వెళ్లాను. ఆయన నోరు తెరిస్తే మా పుట్టింట్లో పాలు పోయడానికొచ్చే ముసలాయన మాట్లాడుతున్నట్టే ఉంది.

"మందు నేదమ్మా నా కాడ. కూకో" అన్నాడు.

కూచున్నాను. ఊపిరి వస్తోంది, పోతోంది, దాన్ని చూడమన్నాడు. తల నొప్పెడితే నొప్పెడుతోందని చూడమన్నాడు, తిట్టకుండా. తిట్టకుండా దేన్నైనా చూడొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. నెల తిరిగేసరికి నొప్పి పోలేదు గానీ దాని పదును తగ్గింది. ఇక నేను ఆ కొండ వదల్లేదు.

ఆయనకి భోజనం నియమాలుండేవి. రోజుకి ఒక్కపూటే, అదీ మధ్యాహ్నం పన్నెండు లోపే. పన్నెండు దాటిందంటే మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు. తను వండుకోకూడదు, దాచుకోకూడదు, ఫలానాది కావాలని నోరు తెరిచి అడక్కూడదు. ఎదురుగా అరటిపండు పడి ఉన్నా, ఎవరో ఒకరు తీసి చేతికందిస్తేనే ఆయనది. అందుకని రైల్వే క్వార్టర్లలో రెండిళ్లవాళ్లూ మేమూ వంతులు వేసుకున్నాం. వారంలో మూడు రోజులు మా ఇంటివి. ఆ మూడూ నావే. మా ఆయన మొదట్లో "మన దేవుళ్లు సాల్లేదేటి నీకు" అన్నాడు. తలనొప్పితోపాటు ఇంట్లో నా కేకలు కూడా తగ్గాయని గమనించాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మూడేళ్లు అలా జరిగింది. ఆ లోయలో ధ్యానం తెలిసిన ఆడది నేనొక్కదాన్నే అని నా నమ్మకం. కూచున్నప్పుడు నాకు కనుబొమల మధ్య వెలుగు కనిపించేది, ఒళ్లు దూదిలా తేలేది. లేచాక అవన్నీ సామికి పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఆయన "ఊ" అనేవాడు. మూడేళ్లలో ఆ "ఊ" తప్ప ఇంకో మాట రాలలేదు ఆయన నోట్లోంచి. గొప్పవాళ్లు పొగడరులే అని సర్దిచెప్పుకున్నాను. కానీ లోపల ఆ ఒక్క మాట కోసం, బాగుంది అనే ఒక్క మాట కోసం, నేను ముఖం వాచిపోయి ఉన్నాను.

అప్పుడు మరిదికి పెళ్లయింది. పిల్లది బొబ్బిలి దగ్గర పల్లె. నల్లగా, గట్టిగా, ఎప్పుడూ దేనికో నవ్వుతూ ఉండేది. నా కంటే ఎనిమిదేళ్లు చిన్నది. క్యారియర్ బరువుగా ఉంటోందని నేనే తోడు తీసుకెళ్లాను, అది నా ఖర్మ. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత ఉంది కదా. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే పోయింది. తోడికోడలి నవ్వొక్కటే నా వాటాకి మిగిలింది.

షెడ్డులో నేను కూచుంటే ఆమే పక్కన కూచునేది. ఐదు నిమిషాలకి తల వాలిపోయేది. ఒకసారి గురక కూడా పెట్టింది. లేచి, "నిద్దరట్టీసినాది సామీ" అని నవ్వింది. సామి కూడా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. మూడేళ్లలో నా ముందు ఆయన నవ్వగా నేను చూడలేదు.

ఒక ఆషాఢం రోజు రేకుల మీద వాన దంచుతోంది. ముగ్గురం కూచున్నాం. ఆ రోజు నాకు ఇంతకు ముందెప్పుడూ రానంత వెలుగు వచ్చింది. కళ్లు తెరవగానే చెప్పాలని నాలుక మీద పెట్టుకుని ఉన్నాను. సామి నా వైపు చూడలేదు. ఆమె వైపు తిరిగి, "ఏటి సూసినావమ్మా?" అని అడిగాడు. నన్ను ఏనాడూ ఆయన అడగలేదు. నేనే చెప్పేదాన్ని.

"ఏటీ నేదు సామీ. వాన సప్పుడు ఇన్నాను. కాసేపటికి వాన ఆగిపోనాది. అదీ ఇన్నాను" అంది.

"బాగుంది" అన్నాడాయన.

నా వెలుగు సంగతి నేను చెప్పలేదు. దిగుతున్నంతసేపూ ఆమెతో మాట్లాడలేదు. ఇంటికొచ్చాక కూర అడుగంటిందని, అది అడుగంటకపోయినా, అరిచాను. ఏకులా వచ్చి మేకై కూచుంది అని ఆ సాయంత్రం పెరట్లో అంట్లు తోముతూ ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలీదు. అన్నిటికంటే మండించిందేమిటంటే, ఆయన అన్నది ఎంత పెద్ద మాటో ఆమెకి తెలీదు. ముత్యం దొరికిన కోడిలాగా పక్కన పారేసి, రాత్రికి ఏం వండాలని అడిగింది.

సామి మాకు ఇంకో సాధన నేర్పాడు. "ముందు నువ్వు సుకంగుండాల అనుకో. తరవాత నీకిష్టమైనోళ్లు. తరవాత ముక్కూ మొకం తెలీనోళ్లు. ఆకర్న నీకు పడనోళ్లు. అందరూ సుకంగుండాల." నాకు పడనివాళ్ల వరసలో విజయనగరంలో మా పెదనాన్న కోడలొకావిడ ఉండేది. ఆవిణ్ని చూసి పదేళ్లయింది. అంత దూరాన ఉన్న శత్రువుని క్షమించడం చాలా సులువు. రోజూ ఆవిణ్ని క్షమించి, నా మనసెంత మెత్తనిదో అని మురిసిపోయేదాన్ని. తోడికోడల్ని మాత్రం ఏ వరసలో కూచోబెట్టాలో తెలిసేది కాదు. ఇష్టమైనవాళ్లలో పెడితే గొంతు దిగేది కాదు. పడనివాళ్లలో పెడితే నాకు అసూయ ఉందని ఒప్పుకున్నట్టు. పెళ్లి పంక్తిలో పిలవని చుట్టాన్ని చూసీ చూడనట్టు వడ్డించుకుంటూ పోతారే, అలా ఆమెని దాటుకుంటూ పోయాను.

ఆ శ్రావణంలో మరిది, "వదినా, మూడు రోజుల్లో ఒక రోజు దానికొగ్గీ. అదీ నేర్సుకుంటది" అన్నాడు. శుక్రవారం ఇచ్చాను. సంత రోజు నేను కొట్లో లేకపోతే మా ఆయనకి చేతులు చాలవు కాబట్టి ఎలాగూ ఇవ్వాల్సిందే. ఇస్తూ పెద్ద మనసు చేసినట్టు మొహం పెట్టాను.

ఇక్కడ టైము సంగతి చెప్పాలి. మా గోడ గడియారం కొట్లో ఉండేది. వంటింట్లోకి దాని గంటలు సరిగ్గా వినిపించవు, సంత రోజు అసలే వినిపించవు. ఆమెకి గడియారం చూడటం కూడా రాదు. అందుకని మేమిద్దరం మొదట్నుంచీ పెట్టుకున్న గుర్తు విశాఖపట్నం నుంచి వచ్చే పాసింజరు బండి. దాని కూత వినగానే క్యారియర్ అందుకుని బయల్దేరితే, పన్నెండుకి పావుగంట ముందు షెడ్డు దగ్గరుంటాం. ఎండాకాలమైతే నీడ చూసుకోవచ్చు. వానాకాలం అరకులో మబ్బు దిగితే పొద్దున్న ఎనిమిదీ మధ్యాహ్నం రెండూ ఒకేలా ఉంటాయి.

ఒక శుక్రవారం మగవాళ్లిద్దరూ కొట్టు ముందు పసుపు బేరాల్లో ఉన్నారు, నేను లోపల ఉప్పు కొలుస్తున్నాను. గాంగ్‌మన్ వచ్చి, "బొర్రా కాడ కొండరాయి జారి లైను మీద పడిపోనాదమ్మా. పాసింజరు ఒంటిగంట దాటితే గానీ రాదు" అని చెప్పి బీడీ ముట్టించుకుని వెళ్లిపోయాడు. గడియారం చూశాను. పదకొండుకి పది నిమిషాలు తక్కువ.

లోపల కూర తాలింపు వేస్తున్న వాసన వస్తోంది. నాలుగడుగులు వేస్తే వంటిల్లు. నాలుగు మాటలు చెబితే సరిపోతుంది. నేను ఇంకో తవ్వ ఉప్పు కొలిచాను.

కాసేపటికి ఆమె తలుపు వెనక నుంచి తొంగి చూసి, "అక్కా, బండొచ్చినాదా?" అని అడిగింది.

"రాలేదు" అన్నాను.

పదకొండున్నరకి మళ్లీ వచ్చింది. "ఇంకా రాలేదేటక్కా?"

"ఇంకా రాలేదు."

అబద్ధం ఆడలేదు. సామి చెప్పిన ఐదు శీలాల్లో, అంటే ఐదు నియమాల్లో, అబద్ధం ఆడకూడదన్నది నేను తప్పలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, తట్టి ధైర్యం కూడా ఇచ్చింది. ఇంకో మాట కూడా చెప్పాలి, సిగ్గుగా ఉన్నా. ఆ గంటసేపూ నా మనసు చాలా నిశ్చలంగా ఉంది. చుట్టూ సంత గోల. ఉప్పు, బెల్లం, బేరాలు, కేకలు. నేను మాత్రం లోపల చెరువు నీళ్లలాగా కదలకుండా ఉన్నాను. మూడేళ్ల సాధనలో అంత నిశ్శబ్దం నాకు ఎప్పుడూ దొరకలేదు. గడియారం ముళ్లు రెండూ పన్నెండు మీద కలిసేదాకా చూశాను.

బడిపిల్లలు అన్నానికి ఇళ్లకి పోతుంటే పెరటి గోడ మీంచి చూసి ఆమెకి అర్థమైంది. గొడుగు కూడా తీసుకోకుండా క్యారియర్ పట్టుకుని పరిగెత్తింది. "బేగి ఎల్లు, బేగి ఎల్లు" అని మా ఆయన వెనక నుంచి అరిచాడు.

రెండున్నరకి తిరిగొచ్చింది. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. మోకాలి దగ్గర చీర చిరిగింది, ఎక్కుడులో పడిందట. సామి టైంపీసు వైపు చూసి, "పన్నెండు దాటిపోనాదమ్మా. పరవానేదు. కింద పసువుల కాసే గుంటలున్నారు, ఆళ్లకెట్టీ" అన్నాడట. పెట్టి వచ్చింది. క్యారియర్ కింద పెట్టి గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. మరిది ఊరుకోలేదు. "సన్నేసిని ఎండగట్టినావు గదే! ఏం పాపం తగుల్తాదో" అని నలుగురూ వినేట్టు తిట్టాడు. సాయంత్రానికి సంత వీధి అంతా తెలిసింది. ఫలానా వాళ్ల చిన్నకోడలు సామిని పస్తుపెట్టిందని చెప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్న నా దగ్గరికి వచ్చి, "నా సేతి కూడు సామికి పనికిరాదక్కా. నాను ఇంక ఎల్లను. మూడు రోజులూ నువ్వే అట్టుకెల్లు" అంది.

"సరేలే" అన్నాను. అంతకు మించి ఒక్క మాట, ఊరుకోమ్మా అనే మాటైనా, రాలేదు నా నోట్లోంచి.

ఇక నేను ఒక్కదాన్నే. కొండ నాది, షెడ్డు నాది, సామి నావాడు. ఎవరూ గురక పెట్టరు, ఎవరూ వాన ఆగడం వినరు. కళ్లు మూసుకుంటే వెలుగు రాలేదు. ఊపిరి చూద్దామంటే అది లోపలికి పోతూ "రాలేదు" అనేది, బయటికి వస్తూ "ఇంకా రాలేదు" అనేది. పార్శ్వపు నొప్పి పాత పదునుతో వచ్చింది. సామి ఆమె గురించి ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన అడిగి ఉంటే బాగుండేది, అడిగితే మళ్లీ ఆమె మీద ఏడ్చేదాన్ని. ఆయన అడక్కపోయినా, ఆమె కూచునే చోట చాప పరిచి ఉంచేవాడు. నా చాప పక్కన ఆ ఖాళీ చాప చూసి కూడా నేను కుళ్లుకున్నాను. మనిషి లేకపోయినా చోటు ఉంది దానికి!

వర్షాలు తగ్గి వలిసె చేలు పచ్చగా పూతకొచ్చే వేళకి నేను ఓపలేకపోయాను. ఒకరోజు అన్నం పెట్టి, ఆయన తిని పాత్ర కడుక్కుని వచ్చాక, జరిగిందంతా చెప్పాను. చెబుతున్నప్పుడు కూడా లోపల ఒక ఆశ ఉంది, దాచను. ఇంత నిజం ఒప్పుకున్న శిష్యురాలు ఎవరుంటారు, ఇప్పుడైనా ఆ మాట అంటాడేమో అని.

"నాకు తెలుసు గదమ్మా" అన్నాడు.

గాంగ్‌మన్ ఆ పొద్దున్నే లైను వెంట వెళుతూ ఆయనకీ చెప్పాడట. బండి లేటని, ఆమె బండి కూత విన్నాకే బయల్దేరుతుందని ఆయనకి తెలుసు. కబురంపొచ్చు. కానీ అన్నం తెమ్మని కబురంపడం అడగడమే అవుతుంది. అందుకని ఊరుకున్నాడు.

"నానూ నోరు మూసుకున్నాను, నువ్వూ నోరు మూసుకున్నావు. పైకి సూత్తే ఇద్దరిదీ మౌనమే" అన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. "మరి నాకు శాంతి ఎప్పుడొస్తుంది సామీ?" అన్నాను.

"దాన్లో కూడా ముందు వరస గావాలేటి నీకు?"

నాకు కోపం వచ్చింది. ఏడుస్తూ అయినా కోపం తెచ్చుకోవడం నాకు బాగా వచ్చు. "మిమ్మల్ని పస్తు పెట్టాను. తప్పయిందని మీ కాళ్ల మీద పడ్డాను. ఇంకేం చెయ్యమంటారు?" అన్నాను.

"నాకు సెప్పి ఏటి లాబం? ఆకలి నాది. తెల్లారేసరికి పోనాది. సిగ్గు ఆ పిల్లది. అది ఇంకా పోనేదు" అన్నాడు.

"ఎలా చెప్పను సామీ?" అన్నాను లేస్తూ.

"నోటితో" అన్నాడు.

ఆ రోజే చెప్పానని రాస్తే ఈ కథ కొంచెం అందంగా ఉంటుంది. చెప్పలేదు. నెల పైన ఊరుకున్నాను. చెబితే ఆమె మళ్లీ కొండెక్కుతుంది. మళ్లీ ఆ చాప మీద కూచుంటుంది. మళ్లీ ఆయన నవ్వుతాడు. తప్పు ఒప్పుకోవడానికి నాకు భయం లేదు. ఆయన్ని పంచుకోవడానికే ప్రాణం ఒప్పలేదు. ఈలోగా సంత వీధిలో ఎవరైనా ఆమెని చూసి "సామిని ఎండగట్టినావంట" అని పరాచికాలాడితే, ఆమె తల దించుకుని నవ్వడానికి ప్రయత్నించేది. నవ్వు వచ్చేది కాదు. ఆ నవ్వు పోవాలనే కదా నేను కోరుకున్నది. పోయింది. చూడలేకపోయాను.

ఒక మధ్యాహ్నం పెరట్లో ఇద్దరం అడ్డాకులు ముందేసుకుని విస్తళ్లు కుడుతున్నాం. మగవాళ్లిద్దరూ కొట్లో ఉన్నారు. నేను తల ఎత్తకుండా మొదలుపెట్టాను. గాంగ్‌మన్ వచ్చిందీ, రాయి పడిందీ, గడియారం చూసిందీ, ఆమె రెండుసార్లు అడిగితే రెండుసార్లూ రాలేదన్నదీ, అన్నీ వరసగా చెప్పాను. ఎందుకలా చేశానో కూడా చెప్పాను. "సామి నిన్ను బాగుందన్నాడు. నన్ను అనలేదు. అందుకు" అన్నాను. అంత చిన్న సంగతిగా అది అప్పటిదాకా నా చెవులకి వినిపించలేదు.

ఆమె పుల్ల గుచ్చడం ఆపలేదు. విస్తరి పూర్తి చేసి, దొంతర మీద పెట్టి, ఇంకో ఆకు తీసుకుంది. తిడుతుందని చూశాను. కొట్టినా బాగుండేది. మరిదికి చెబుతానంటే, చెప్పు అనడానికి సిద్ధంగా ఉన్నాను. సామి దగ్గరికి రేపు నువ్వే వెళ్లు, నేను ఇంట్లో ఉంటాను, అనే మాట కూడా కూడబలుక్కుని పెట్టుకున్నాను.

"సామి ఆ పూటంతా ఏటీ తినకుండా ఉన్నాడని, నాను మర్నాటి దాకా మెతుకు ముట్టనేదక్కా" అంది, ఆకు వైపే చూస్తూ. "నువ్వు ఆ మజ్జానం అన్నం తిన్నావా?"

సంత రోజు. పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాను. ఆమె వండిన లేత వెదురు మొలకల కూర ఆ రోజు చాలా బాగా కుదిరింది. ఆమె కొండ ఎక్కుతున్న ఆ సమయంలోనే నేను పీట వేసుకుని కూచున్నాను.

"తిన్నాను" అన్నాను. "మారు వడ్డించుకుని తిన్నాను."